మూడు తోవల కాడ

ఆ చలికాలం మా ఇంట్లో కోడి కంటే ముందు లేచేది మా ఆడబిడ్డ వర్షిత. చీకట్లోనే బూట్ల దారాలు బిగించుకుని, చెరువు కట్ట మీదుగా ఎర్రగుట్ట మొదలు దాకా ఉరికి, మేం పాలు పిండే వేళకు వగరుస్తూ వచ్చేది. బూట్లు వాళ్ళ బడిలో ఆటలు నేర్పే హరిత మేడం ఇచ్చింది. కరోనా పోయి బళ్ళు మళ్ళీ సక్కగా నడిచిన ఏడు అది. వర్షిత తొమ్మిది చదువుతోంది.

హైదరాబాదు నుంచి నూటముప్పై మంది వచ్చి మా గుట్టల్లో ఇరవయ్యొక్క కిలోమీటర్లు ఉరుకుతారట. మా కంచుపల్లిలో మొదలుపెట్టి, అడవిలోంచి ఎర్రగుట్ట ఎక్కి, అవతల దేవరకొండ రోడ్డు మీద దిగాలి. బడి పిల్లలు పన్నెండు మందిని పైసలు తీసుకోకుండానే ఉరకనిస్తామన్నారు. వాళ్ళలో ముందొచ్చిన ఇద్దరిని జిల్లా పోటీలకు నల్గొండ తీసుకుపోతానని హరిత మేడం చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి వర్షితకు అన్నం సయించలేదు.

మా అత్త లక్ష్మీనర్సమ్మ మాత్రం ససేమిరా అంది.

“గొర్ల ఎంబడి దినాం ఉరుకుతనే ఉన్నం గద. దానికి బూట్లెందుకు, రొమ్ము మీద నంబరెందుకు?”

“గొర్ల ఎంబడి ఉరికితే గొర్లే మెచ్చుకుంటయమ్మా” అంది వర్షిత.

నా పెనిమిటి పరమేష్ గొంగడి చాటున నవ్వాడు. అత్త నవ్వలేదు.

“నవ్వకు రా. ఆడిపిల్ల. అంత అడవిల తోవ తప్పితే? కాలో చెయ్యో ఇరిగితే? ఎవలు పూచీ?”

వర్షిత నా వైపు చూసింది.

నన్ను ఊళ్ళో బుగులు మల్లిక అంటారు. నా బిడ్డ నిహారిక రెండుసార్లు తుమ్మితే మూడోసారికి నేను దవాఖానకు బయలుదేరతాను. బస్సు పావుగంట ఆలస్యమైతే రోడ్డు మీదికి పోయి నిలబడతాను. అట్లాంటి నేను నోరు తెరిచి, “నేను పూచీ అత్తమ్మా” అన్నాను.

“నువ్వా? నీ నీడకు నువ్వే బెదురుతవు గదనే!”

“అయినా నేనే.”

నాకు తొమ్మిదో తరగతిలోనే బడి బందయింది. మా ఊరి బస్సు ఆగిపోతే, ఇక చదివింది చాలన్నాడు మా నాయిన. ఆ సంగతి ఆ పూట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసి, “మంచిది. యాదుంచుకో” అని లేచిపోయింది.

తోవ గుర్తులు పెట్టే పని పరమేష్ మీద పడింది. డిసెంబరులో ఓసారి పట్నం వాళ్ళు వచ్చి చెట్లకు నారింజ రంగు ప్లాస్టిక్ పేలికలు కట్టి పోయారు. వాటిని మా మేక ఒకటి నమిలి మింగి, కడుపుబ్బి మూడో నాడు చచ్చింది. ఈ ఉరుకుడు పెట్టించే దామోదర్ సారు వచ్చి, చేతులు జోడించి, ఇక పేలికలు వద్దన్నాడు. సున్నంతో నేల మీద బాణం గుర్తులు వేయిద్దామన్నాడు. అడవిలో అడుగడుగు తెలిసినవాడు మా ఆయనే. కాబట్టి శనివారం నాడు సున్నం సంచి ఆయన భుజాన, నీళ్ళ సీసా నా చేతిలో. నిహారికను అత్త దగ్గర పెట్టి ఇద్దరం బయలుదేరాం.

నా కొంగు ముడిలో ఇంకొకటి కూడా ఉంది. ముందు రాత్రి వర్షిత నిద్రలో ఉండగా నిమ్మకాయ మూడుసార్లు తిప్పి దిష్టి తీశాను. ఊరి కళ్ళన్నీ ఆ పిల్ల మీదనే ఉన్నాయి. కొత్త బూట్లు చూసి ఒకరు, ఆ ఉరుకుడు చూసి ఒకరు. తిప్పిన నిమ్మకాయను మూడు తోవలు కలిసే చోట కోసి, కుంకుమ అద్ది, వెనక్కి విసరాలి. విసిరాక తిరిగి చూడకూడదు. ఊళ్ళో మూడు తోవల కాడ ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. పరమేష్ చూశాడా, యాడాది పొడుగునా ఎక్కిరిస్తాడు. గుట్ట మీది మూడు తోవలైతే ఎవరూ ఉండరు కదా అనుకున్నాను.

అక్కడికి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. మేం వచ్చిన తోవ అక్కడ రెండుగా చీలుతుంది. ఎడమది టేకు చెట్ల మధ్యలోంచి గుట్ట ఎక్కుతుంది. కుడిది లోయలోకి దిగి రేగుచెలిమకు, ఇసుకలో నీరూరే గుంటకు పోతుంది. ఆ చెలిమ చుట్టూ రేగు పొదలు. చలికాలం పండ్లు ఎర్రబడ్డాక గుడ్డెలుగులు, అంటే ఎలుగుబంట్లు, దిగుతాయని మా గొల్లవాళ్ళెవరూ ఆ రెండు నెలలు జీవాలను అటు తోలరు.

పరమేష్ ఎడమ తోవ మొదట్లో తెల్లటి బాణం వేసి, సంచి ఎత్తుకున్నాడు.

“నువ్వు నడువు, నేను ఎనుక వస్త” అన్నాను.

“ఏం పని?”

“ఆడోళ్ళకు ఉంటయి పనులు.”

ఆయన పోయాడు. నేను గబగబా బ్లేడుతో కాయ కోసి, కుంకుమ అద్దాను. నల్ల పేలికలో మూడు ఎండుమిరపకాయలు కట్టాను. బాణం దాటి ఒకడుగు ముందుకేసి, ఎడమ తోవకు మొహం పెట్టి నిలబడి, ఒక చెక్క కుడి భుజం మీదుగా, ఒక చెక్క ఎడమ భుజం మీదుగా వెనక్కి వేశాను. పేలిక కూడా వేశాను. పొదల్లో పడి ఉంటాయనుకున్నాను. పద్ధతి ప్రకారం తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ లేదు.

ఆదివారం పద్నాలుగో కిలోమీటరు కాడ, గుట్ట అవతలి అంచున మాకు నీళ్ళ పని ఇచ్చారు. ట్రాక్టరులో డ్రమ్ములు తెచ్చి దింపారు. ఒక బల్ల మీద అరటిపండ్ల ముక్కలు, బత్తాయి తొనలు, ఉప్పు. అత్త, నేను, నా చంకలో నిహారిక. పరమేష్ డ్రమ్ములోంచి బిందెలతో నీళ్ళు తోడి పెడుతున్నాడు.

ఎండ ఇంకా ఎక్కలేదు. చెట్ల సందులోంచి మొదటి మనిషి వచ్చాడు. తలంతా నెరిసి, మోకాళ్ళ పైదాకా నిక్కరు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గీ పెద్దమనిషికి మనుమలుంటరే! పెండ్లాం ఇంట్ల ఉండనిస్తలేదు కావచ్చు.”

“ఇనపడతది అత్తమ్మా.”

“ఇననీ. తాగు నాయినా, నిమ్మలంగ తాగు. పొలమారుతది.”

పదిమంది, ఇరవై మంది అయ్యేసరికి అత్తకు హుషారు వచ్చింది. ఆడవాళ్ళు వస్తే లేచి నిలబడి మరీ గ్లాసు అందించింది. ఒకామె మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే, తన కొంగు తడిపి తుడిచింది. “మా బిడ్డ గూడ వస్తాంది, ఎనుక ఉన్నది” అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. నాకు గుండెలో కొంచెం బరువు దిగింది. అత్త మెత్తబడ్డదనుకున్నాను.

తొమ్మిది దాటాక మా బడిపిల్లలు వచ్చారు. గుంపుగా, ఎర్రటి మొహాలతో, వెనక హరిత మేడం. అత్త గ్లాసు నింపి పట్టుకుని పిల్లల మొహాలు ఒక్కొక్కటి వెతికింది. నేను లెక్కపెట్టాను. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను.

“వర్షితేది?” అంది అత్త.

హరిత మేడం చేతిలో అరటిపండు అట్లాగే ఆగింది. “అది మా అందరికంటే ముందుంది గదమ్మా. రెండో మలుపు కాడనే మమ్మల్ని ఇడిసి పోయింది. ఇంకా రాలేదా?”

అత్త మేడం వైపు చూడలేదు. నా వైపు చూసింది.

దామోదర్ సారు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. అక్కడ సిగ్నలు ఎక్కడిది?

“ఇంత జనంలో మీరు చూడకుండా ముందుకెళ్ళిపోయి ఉంటుందమ్మా” అన్నాడు.

“నా బిడ్డ నా ముందట్నుంచి పోతే నాకు తెల్వదా సారూ?” అత్త గొంతు పెద్దగా లేవలేదు. అందుకే నాకు భయం వేసింది.

సారు ఇద్దరు మనుషులను బాణాల వెంట వెనక్కి పంపాడు. వచ్చేవాళ్ళందరినీ ఆపి అడిగాం. నీలం బూట్లు, రెండు జడలు, నంబరు నూటపద్దెనిమిది. చూడలేదు, చూడలేదు అన్నారు. అరగంట గడిచింది. నిహారిక పాలకోసం ఏడుస్తుంటే రొమ్మిచ్చాను గాని పాలు పడలేదు. పోయిన ఇద్దరూ తిరిగి వచ్చారు. చివరి మనిషి దాకా పోయి చూశాం, తోవ మీద ఎవరూ లేరన్నారు. పరమేష్ కట్టె అందుకున్నాడు.

“నేను పోయి మళ్ల అదే తోవ సూసి వస్త. కాలు మెలిక పడి చెట్టు కింద కూసున్నదో ఏమో.”

అప్పుడే వచ్చిన ఒక పట్నం ఆయన బల్ల మీద ఉప్పు వెతుక్కుంటూ నవ్వాడు. “నిమ్మకాయ లేదాండీ? అక్కడ రెండు దార్లు చీలే చోట బాణం పక్కనే సగం చెక్క పెట్టారు. కారం కూడా అద్ది ఉంది. తీసుకుందామనుకున్నాను.”

బడిపిల్లల్లో ఒకతి చెయ్యి నోటికి పెట్టుకుంది. “వామ్మో! ముట్టలేదు గద సారూ? అది దిష్టిది! మేమైతే కండ్లు మూస్కొని దుంకినం. మేం దాటం అని గాడనే నిలబడితే మేడం ఎనుక నుంచి నూకింది.”

నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

వర్షితను వెనక నుంచి నూకేవాళ్ళు లేరు. అది ఒంటరిగా వచ్చి ఉంటుంది ఆ మూడు తోవల కాడికి. ఆరో తరగతిలో ఉండగా ఒకసారి ఊళ్ళో ఇట్లాంటిదే తొక్కి ఇంటికొచ్చింది. దానికి వారం రోజులు జ్వరం. నేను అప్పుడే కొత్త కోడలిని. పక్కన కూర్చుని తల తడుపుతూ, ఏం జరిగినా దాటొద్దు, తొక్కొద్దు, ఇంకో తోవ పట్టుకుని పో అని దాంతో ఒట్టు వేయించుకున్నాను. ఇంకో తోవ. అక్కడ ఇంకో తోవ ఒక్కటే ఉంది.

“గా తోవ మీద ఎతకకు” అన్నాను.

పరమేష్ ఆగాడు.

“రేగుచెలిమ దిక్కు దిగింది.”

“నీకెట్ల తెలుసు?”

“నిమ్మకాయ నేనే ఏసిన. నిన్న.”

చుట్టూ అందరూ ఉన్నారు. దామోదర్ సారుకు అర్థం కాలేదు. హరిత మేడానికి అర్థమై కళ్ళు దించుకుంది. రేగుచెలిమ పేరు వినగానే పరమేష్ మొహంలో రంగు మారింది. ఆయన కట్టె పట్టుకుని అప్పుడే గుట్ట అంచుకు నడిచాడు.

నిహారికను అత్త చేతుల్లో పెట్టాను. ఆమె తీసుకుంది. నా మొహం చూడకుండానే, “ఉరుకు” అంది.

మూడు తోవల దాకా పోతే ఐదు కిలోమీటర్లు. పరమేష్ తోవ వదిలి గుట్ట వాలున అడ్డం పడ్డాడు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని ఆయన వెంట దిగాను. ముళ్ళు, వదులు రాళ్ళు, ఎండు టేకాకులు. ఆకుల మీద కాలు వేస్తే జారుతుంది. బడి బందయ్యాక నేను ఉరికింది మళ్ళీ ఆ రోజే. కేక వేయబోతే పరమేష్ వెనక్కి తిరిగి, చెయ్యి అడ్డం ఊపాడు.

చెలిమ కాడ తడి ఇసుక. అందులో బూటు అడుగు. దాని మీద గీతలు గీతలుగా అచ్చు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ అడుగు పక్కనే ఇంకొకటి ఉంది. మనిషి పాదంలాగే ఉంది, మడమ, అరికాలు, ఐదు వేళ్ళు. వేళ్ళ ముందు మాత్రం పొడుగాటి గోళ్ళ గీతలు. ఆ గీతల్లోకి నీరు ఇంకా ఊరుతోంది.

పరమేష్ నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ముందు చప్పుడే వినబడింది. పొదను దులుపుతున్నట్టు, పండ్లు జుర్రుతున్నట్టు. తర్వాత నల్లటి వీపు కనిపించింది. మాకు యాభై అడుగుల దూరం కూడా లేదు. దానికి పైన, ఒక పెద్ద రాతి గుండు మీద, మోకాళ్ళు రొమ్ముకు హత్తుకుని వర్షిత. నూటపద్దెనిమిది నంబరు మడతలు పడి ఉంది. మమ్మల్ని చూసింది. పిల్ల పెదవులు విడిపోతుంటే నేను నా నోటి మీద అరచెయ్యి గట్టిగా పెట్టుకుని చూపించాను. అదీ పెట్టుకుంది.

“గాలి మన దిక్కే వస్తాంది. కదలకు. తిని పోతది” అని పరమేష్ నా చెవిలో అన్నాడు.

అది తిని పోలేదు. తిన్నది, ఇంకో పొదకు పోయింది, మళ్ళీ మొదటి పొదకే వచ్చింది. ఒకసారి రెండు కాళ్ళ మీద లేచి మూతి పైకెత్తి గాలి పీల్చింది. దాని మూతికీ వర్షిత బూట్లకూ మధ్య ఒక నిచ్చెన ఎత్తు ఉంటుంది, అంతే. నేను అరవకుండా ఉండడానికి మనసులో ఎక్కాలు చదివాను. రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టాను. పదమూడో ఎక్కం సగంలో ఆగిపోయాను, ఆ పైన నాకు రాదు. మళ్ళీ రెండు నుంచి చదివాను. అట్లా ఎన్నిసార్లో తెలియదు. చెట్ల నీడలు మా మీది నుంచి పక్కకు జరిగాయి. నా పిక్క మీద చీమలు పాకుతున్నాయి.

చివరికి అది ఎవరో పిలిచినట్టు తల తిప్పి, పనేమీ లేనట్టు లోయ కిందికి నడిచి పోయింది. అది పోయాక కూడా చాలాసేపు మేం కదలలేదు.

వర్షిత గుండు మీది నుంచి జారి దిగింది. వచ్చి నా మీద పడింది. ఒళ్ళంతా చల్లగా ఉంది.

“వదినె, తోవ మీద ఎవరో చేసి పెట్టిన్రు. నువ్వే అన్నవ్ గద దాటొద్దని. ఇటు నుంచి చుట్టు తిరిగితే మల్ల కలుస్తదనుకున్న. నీళ్ళు తాగుదామని ఆగిన, అది వచ్చింది...”

“అది నేనే ఏసిన.”

వర్షిత తల ఎత్తింది.

“నీకే తీసిన. నీ మీద కండ్లు పడొద్దని.”

పరమేష్ మొహం తిప్పుకుని చెలిమలో చేతులు కడుక్కుంటున్నాడు.

“నాకా?” అంది. మొహం తుడుచుకుని, “గట్టిగనే తీసినవ్ వదినె. గుడ్డెలుగు కన్ను గూడ నా మీద పడలే” అంది. ఆ మాట పూర్తి కాకుండానే వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పరమేష్ చాలు చాలన్నాడు.

మేం నీళ్ళ కాడికి ఎక్కి వచ్చేసరికి ఉరికేవాళ్ళంతా అయిపోయారు. దామోదర్ సారు, హరిత మేడం, అత్త. అత్త చంకలో నిహారిక నిద్రపోతోంది. అత్త వర్షిత చెంప మీద ఒకటి వేసింది. వేసిన చేత్తోనే నీళ్ళ గ్లాసు అందించింది.

“మిగిలింది ఎంతుంటది మేడం?” అని అడిగింది వర్షిత, నీళ్ళు మింగి.

మేడం ఇబ్బంది పడింది. “ఏడు. కానీ టైము ఐపోయింది బిడ్డా. పేర్లు గూడ ఇచ్చేసిన. వచ్చేయేడు సూద్దాం.”

“పేరు కోసం కాదు.”

“సంపుత” అన్నాడు పరమేష్. “నడువు ఇంటికి. మొక్కిన దేవుండ్లు సాలు.”

దామోదర్ సారు కూడా జీపు పంపిస్తానన్నాడు. అందరూ తలా ఒక మాట అంటున్నారు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాను? పూచీ అన్నది నేను, తోవ తప్పించింది నేను. ఇక ఈ పిల్ల బూట్లు అటక ఎక్కుతాయి, బడి కూడా ఎన్నాళ్ళో అనుకుంటూ నేల చూస్తున్నాను.

“ఉరకనీ” అంది అత్త.

పరమేష్ ఏదో అనబోయాడు.

“ఉరకనీ రా. సగంల ఆపితే ఇగ అది ఎప్పటికీ ఆగిపోతది.”

ఆ మాట అంటూ ఆమె ఎవరినీ చూడలేదు. నిహారిక తల కింద చెయ్యి సర్దుకుంది. నేను మాత్రం ఆమెనే చూశాను.

వర్షిత ఉరికింది. మేడం పక్కన ఉరికింది. దేవరకొండ రోడ్డు మీద వాళ్ళు చేరేసరికి షామియానా విప్పుతున్నారట. మైకు వైర్లు చుట్టుకుంటున్న మనిషి ఒక్కడే చప్పట్లు కొట్టాడట. జిల్లా పోటీలకు వేరే పిల్లలిద్దరు పోయారు.

ఆ రోజంతా అత్త నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తిన్నది, కంచం కడిగి బోర్లించింది, పడుకుంది.

మర్నాడు పొద్దున మెలకువ వచ్చి చూస్తే వర్షిత పక్క ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి ఉంది. గోడ వారన బూట్లు లేవు. నేను తల ముడుచుకోకుండానే బయటికి ఉరికాను. అత్త దొడ్లో కూర్చుని గొర్రెపిల్లలను తల్లుల కింద వదులుతోంది. గుట్ట కనబడనంత మంచు.

“అత్తమ్మా, వర్షితేది?”

“పోయింది.”

“ఏడికి?”

“ఏడికంటవేంది? ఉరక.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే.” గొర్రెపిల్ల ఒకటి తప్పించుకుంటే కాలు పట్టి దగ్గరికి లాగింది. “నువ్వేం ఎదురు పోకు. పోయి గంజి కాయి. ఆకలితోని వస్తది.”

పొయ్యి అంటించాను. జొన్నపిండి కలిపి పోశాను. గరిట నా చేతిలోనే ఉంది గాని, చెవులు గుట్ట దిక్కే ఉన్నాయి. కట్ట మీద బూట్ల చప్పుడు వినబడేలోపు ఆ గంజి రెండుసార్లు పొంగింది.